తమ్ముడి వంతు

హైమ తమ్ముడు తొమ్మిది రోజులుగా తన వంతు ఆడలేదు.

ఆ సంగతి ఆశ్రమంలో నాకొక్కదానికే తెలుసు. ఫోన్లకి చార్జింగ్ పెట్టే ప్లగ్గు వంటింట్లో నా పొయ్యి పక్కనే ఉంది మరి.

అద్దంకి దాటాక గుండ్లకమ్మ ఒడ్డున మాది చిన్న ఆశ్రమం. గురువు బాపమ్మగారు. అచల గురువుల వరస ఆమెది. విగ్రహాలు, హారతులు ఉండవు. ఆమె చెప్పింది వినటం, చేతనైన పని చెయ్యటం, అంతే. నా పని వంట. మా ఆయన పోయిన ఏడు వచ్చా, పదకొండేళ్ళయింది. హైమ వచ్చి ఇంకా ఏడాది కాలా. ముప్పై నిండని పిల్ల. నన్ను పిన్నీ అంటది.

తమ్ముడి పేరు అంకబాబు. బోర్లు వేసే లారీ మీద పని. ఇవాళ ఒక ఊరు, ఎల్లుండి ఇంకో రాష్ట్రం. అక్కాతమ్ముళ్ళకి మాటల్లేవు. ఫోన్లో ఆట మాత్రం ఆడుకుంటారు.

అది రాజ్యాల ఆట. ఇద్దరికీ చెరో రాజ్యం. కోటలు, పడవలు, గుర్రాలు ఉంటాయి. హైమది ఎర్రజెండా, అంకబాబుది నీలిజెండా. ఒకళ్ళు ఆడి, అయిందని నొక్కితేగానీ రెండోవాళ్ళకి వంతు రాదు. మన పులిజూదం లాంటిదే, ఎదురుగా మనిషి కూచోడు అంతే తేడా. వంతు వచ్చాక మూడ్రోజులు గడువు. ఆ లోపు ఆడకపోతే ఆట మొత్తం చెరిగిపోద్ది.

ఎనిమిది నెలల నుంచి ఒకటే ఆట. గెలవాలని ఇద్దరిలో ఎవరికీ లేదు, అది నాకు తెలిసిపోయింది. వంకాయలు తరుగుతా ఫోను చూసి, "గోడ కట్టాడు పిన్నీ," అనేది. ఇంకో రోజు, "గుర్రాన్ని ఇవాళ కూడా కదపలా. ఏటి పక్క కోట కాడే పెట్టాడు. చిన్నప్పుడు పులిజూదంలోనూ అంతే, ఒక మేకని మూలన దాచుకునేవాడు," అనేది. వాడు ఆడిన రోజు అన్నం రెండు ముద్దలు ఎక్కువ తినేది.

అట్టాంటిది, తొమ్మిది రోజులు. ఫోన్ చేస్తే స్విచాఫ్. లారీ ఓనర్ని అడిగితే, "బండి ఒరిస్సా కొండల్లో ఉందమ్మా, అక్కడ సిగ్నల్ ఉండదు," అన్నాడు. అంతకుమించి చెప్పలా.

సోమవారం సాయంత్రం నాలుగు కావస్తంది. హైమ ప్లగ్గు కాడ నిలబడి ఫోను నొక్కుతంది. నేను టీ గ్లాసులు కడుగుతా చూశా.

"ఎవరితో ఆడతన్నావే?"

"తమ్ముడితో."

"నీది ఎర్రజెండా గదా. ఇందాకటి నుంచి నీలిజెండా వాళ్ళని జరుపుతున్నావే?"

పిల్ల మొహం మాడిపోయింది.

"గడువు ఇంకో పది నిమిషాలే ఉంది పిన్నీ. వాడి ఐడీ నేనే చేసిచ్చా. పాస్‌వర్డ్ నాకు తెలుసు."

"ఎన్నోసారి?"

"మూడోసారి."

ఐదో తరగతితో ఆపేసినదాన్ని, నాకు ఆటలు తెలీవు. అయినా అడిగా. "వాడి గుర్రం ఏటి కాడ లేదేంది?"

"ఏదో ఒకటి జరపాలి గదా పిన్నీ. ఏరు దాటించా."

"ఇటు కూచుని పులిని జరిపి, అటుపోయి మేకని జరిపి, ఎవరూ లేని పిల్లలు ఆడతారు చూడు, అట్టా ఉంది నీ పని."

నవ్వుద్దనుకున్నా. నవ్వలా.

ఆ సాయంత్రమే బాపమ్మగారి కాడికి పోయింది. నేను మంచినీళ్ళ చెంబు పెట్టటానికి వెళ్ళి అక్కడే నిలబడ్డా. ఆమె చాటలో పసుపు కొమ్ములు పోసుకుని పుచ్చులు ఏరతంది. డెబ్భై దాటిన మనిషి. కళ్ళజోడు లేకుండానే ఏరుద్ది.

"కళ్ళు మూసుకుని కూచుంటే మనసు ఫోన్ మీదే ఉంటందమ్మా," అంది హైమ. ఆట సంగతి, తమ్ముడి సంగతి అంతా చెప్పింది.

"మాటలెందుకు పోయినయ్యి?"

హైమ చాటలోంచి ఒక కొమ్ము చేతిలోకి తీసుకుంది.

"నాన్న పోయిన రోజు వాడు రాయగడ అవతల ఉన్నాడమ్మా. తెల్లారకముందే చెప్పా. బయల్దేరా, నేనొచ్చేదాకా ఆపు అక్కా అన్నాడు. సాయంత్రమైంది. ఫోన్ కలవట్లా. మబ్బు పట్టింది, వచ్చిన జనం లేచిపోతన్నారు. నాకు కాలూ చెయ్యీ ఆడలా. బాబాయి కొడుకు చేత తలకొరివి పెట్టించా. గంటకి వాడొచ్చాడు."

"ఏమన్నాడు?"

"ఏమీ అన్లా. అక్కడ కాలతంటే దూరంగా నిలబడి చూశాడు. అట్నుంచి అటే పోయాడు. పదిహేను రోజులకి ఈ ఆటకి పిలుపు పంపాడు. అంతే."

బాపమ్మగారు ఒక పుచ్చు కొమ్ము తీసి అవతల పారేసింది.

"ఇప్పుడు వాడున్నాడో లేడో తెలీట్లేదమ్మా. ఆటొక్కటే మిగిలింది. అది కూడా పోతే మాకు ఇంకేం లేదు. అందుకని ఆగిపోకుండా చూస్తన్నా."

నేనైతే తిట్టేదాన్ని. ఆమె తిట్టలా. ఓదార్చనూలా.

"రేపు పసుపు దంచాలి. పొద్దున్నే కొంగు బిగించుకుని రా," అంది.

మా పసుపు మిల్లుకి పంపం. మిల్లులో మిరపకాయలు కూడా పడతారు. పసుపుకి ఆ ఘాటు పట్టుద్ది. వరండాలో పెద్ద రోలుంది. ఎదురూబొదురూ నిలబడి ఇద్దరు దంచుతారు. ఒకళ్ళ రోకలి పడి లేచాక రెండోవాళ్ళది పడాలి. తప్పితే రోకళ్ళు గుద్దుకుంటయ్, లేదంటే వేళ్ళు పోతయ్.

మంగళవారం పొద్దున బాపమ్మగారు ఒక పక్క, హైమ ఒక పక్క నిలబడ్డారు. నేను జల్లెడ ముందేసుకుని కూచున్నా.

కాసేపు బాగానే సాగింది. ధమ్మని ఆమెది, ధమ్మని ఈమెది.

ఉన్నట్టుండి బాపమ్మగారు రోకలి పైకెత్తి ఆపేసింది. హైమ తన పోటు వేసి ఒక్క క్షణం చూసింది. ఆమెది దిగలా. ఆ ఖాళీ ఓర్చుకోలేక ఇంకో పోటు వేసింది. మళ్ళీ వేసింది. దంపుడు ఆగకూడదని కాబోలు, ఆమె పోటూ ఈమె పోటూ కలిపి తనే వేస్తా, వేగం పెంచుకుంటా పోయింది. నుదుటి మీద చెమట. కళ్ళు రోట్లోనే.

ఆ పెద్దావిడ రోకలి ఎత్తి పట్టుకునే ఉంది. చేతులు వణకటం నాకు కనపడతంది.

"అమ్మా, చేతులు పోతయ్. దించండి," అన్నా.

"ఎక్కడ దించమంటావు సీతారావమ్మా? దించితే పిల్ల చెయ్యి విరుగుద్ది."

హైమ తలెత్తింది. రోకలి చేతిలో అట్టాగే ఆగిపోయింది.

వరండాలో చప్పుడు లేదు. అప్పుడు దించింది బాపమ్మగారు తన రోకలి. ధమ్మని ఒక్కటే పోటు. కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి పోయింది.

కాసేపటికి హైమ వంటింట్లోకి వచ్చింది. ఫోన్లోంచి తమ్ముడి ఐడీ తీసేసింది. పాస్‌వర్డ్ రాసుకున్న చీటీ నా పొయ్యి మంటలో కాల్చేసింది. ఫోను నా చేతిలో పెట్టింది.

"నాకు కనపడకుండా పెట్టు పిన్నీ."

బియ్యం డబ్బాలో పెట్టా.

"సిగ్నల్ లేక ఆడలేకపోతే?" అంది నన్ను.

"నన్నడుగుతావేంది? ఆవిణ్ణడుగు."

అడిగింది. బాపమ్మగారు, "ఆడలేకపోతే ఆడలేడు," అందంట. అదేం జవాబు అని నాకు కోపమొచ్చింది. మనసులోనే పెట్టుకున్నా.

సోమవారమే హైమ తన వంతు కూడా ఆడేసింది, ఇక అంకబాబు వంతుకి గడువు గురువారం సాయంత్రం నాలుగింటికి.

ఆ మూడ్రోజులూ ఎట్టా గడిచాయో చెప్తా. నేను రోజుకి రెండుసార్లు బియ్యం తీస్తా. హైమ గంటకోసారి వచ్చి డబ్బా పక్కన నిలబడేది. మూత మీద చెయ్యి పెట్టేది, తీసేది.

"ఒక్క నిమిషం ఇవ్వు పిన్నీ."

"ఏం చేస్తావు?"

"ఊరికే చూస్తా."

"చూస్తే వాడు ఆడతాడా?"

వెళ్ళిపోయేది. బుధవారం అన్నం ముట్టలా. మజ్జిగ పోస్తే సగం తాగి పెట్టింది. బాపమ్మగారు చూసింది. "రేపు మూడింటికి మిగిలిన కొమ్ములు దంచుదాం," అంది, అంతే. మూడింటికే ఎందుకు? ఆ టైములో ఎండ సూటిగా వరండాలోకి కొడద్ది. నేను నోరు మూసుకున్నా.

నేనూ మూత తీసి చూశా, అబద్ధమెందుకు. బుధవారం రెండుసార్లు, గురువారం పొద్దున నాలుగుసార్లు. గుర్రం ఏటి అవతలే ఉంది. ఎవరూ లేని గట్టు మీద నిలబడి ఉంది, దారి తప్పినదాని మాదిరి. గురువారం మధ్యాన్నం పప్పు మాడబెట్టా. పదకొండేళ్ళలో అది రెండోసారి. మొదటిసారి తప్పు గ్యాసుది.

మూడింటికి ఇద్దరూ రోటి కాడ నిలబడ్డారు.

ధమ్, ధమ్. నడవా గడియారం నాకు కనపడతంది, హైమకి వీపు వెనక. మూడుంబావు. మూడున్నర. హైమ పెదాలు ఎండిపోయినయ్. తన పోటు వేసి ఆగతంది, ఆమె పోటు పడనిచ్చి ఎత్తుతంది. మధ్యలో రెండుసార్లు బాపమ్మగారు కావాలనే ఆలస్యం చేసింది. హైమ రోకలి కదిలింది, దిగలా.

నాలుగింటికి ఇంకా ఇరవై నిమిషాలుంది. బియ్యం డబ్బాలోంచి బాకా ఊదినట్టు సన్నగా చప్పుడు.

వంతు వస్తే ఆ బాకా మోగుద్ది. ఆట చెరిగిపోయినా అదే మోగుద్దని హైమ ఒకసారి చెప్పింది. ఒక్కోసారి ముందే చెరిగిపోద్దంట.

హైమకి వినపడింది. రోకలి పైన ఉంది. పరిగెత్తుద్దనుకున్నా.

"పిన్నీ, నువ్వు చూడు," అంది.

వంటింట్లోకి పోయి ఫోను బయటికి తీశా. బియ్యం దులిపా. ఇంగ్లీషులో ఏందో రాసుంది, నాకు రాదు. కింద బొమ్మ మాత్రం ఉంది. ఏరు, కోటలు, జెండాలు. వరండాలోకి తెచ్చా.

"బొమ్మ ఉందే. చెరిగిపోలా."

"నీలిజెండా గుర్రం ఎక్కడుంది పిన్నీ?"

ఎండలో అద్దం మెరుస్తంది. చెయ్యి అడ్డం పెట్టుకుని వెతికా. ఏటి అవతల గట్టు ఖాళీగా ఉంది. ఫోను ఇంకా దగ్గరికి తెచ్చుకున్నా. తర్వాత కనపడింది.

"కోట కాడుంది. ఏటి ఇవతల."

"మునుపుండే చోటేనా?"

"మునుపుండే చోటే. వెనక్కి తెచ్చేసుకున్నాడు."

ఎత్తిన రోకలి మీద హైమ వేళ్ళు తెల్లబడినయ్. ముక్కు చివర నుంచి చెమటో ఇంకోటో రోట్లో పడింది.

బాపమ్మగారు అడిగింది. "ఇప్పుడు ఎవరి వంతు?"

"ఫోన్లో నాదమ్మా. దానికి మూడ్రోజులుంది. ఇక్కడ మీది."

ఆమె రోకలిని గోడకి ఆనించింది. తాపీగా కొంగు తీసి మెడ తుడుచుకుంది. ముడి ఊడితే మళ్ళీ వేసుకుంది. చెంబు ఎత్తి నీళ్ళు తాగింది, మిగిలినవి తులసి మొదట్లో పోసొచ్చింది.

హైమ రోకలి పైనే ఉంది. కదల్లా.