తీగకు జ్వరం చూసిన సైదులు

ఊ కొడుతూ వినండి నాయనా. అలసిపోయిన మనిషి కథ ఇది. మీరు ఊ కొట్టకపోతే చెప్పే నేనూ అలసిపోతాను.

అనగనగా ఒక రోడ్డు. రోడ్డు పక్కన ఇంజను లేని పాత వ్యాను. అందులో సైదులు అనే ముసలాయన. బ్యాటరీలు బాగుచేయడం ఆయన పని. ఆ వ్యానే కొట్టు, ఆ వ్యానే ఇల్లు. లోపల ఒక దేవుడి పటం, దాని మీద ఒకే ఒక్క బ్యాటరీ దీపం. ఎవరు పలకరించినా ఆయనది ఒకటే మాట. "ఒళ్లు అలిసింది నాయనా, పని అలవలేదు."

ఒకనాటి పొద్దున గాజులమ్మే గురవయ్య, భార్య కోటమ్మ చిన్న వ్యానులో వచ్చారు. వాళ్ల ఇల్లు ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోయింది. ఇక తిరునాళ్ల నుంచి తిరునాళ్లకు తిరగడం, బండిలోనే వండుకోవడం, బండిలోనే పడుకోవడం. ఇల్లు మునగకముందే కోటమ్మ మూడు దీపాలు తీగతో సహా ఊడదీసి తెచ్చుకుంది. గడపది ఒకటి, పొయ్యి దగ్గరిది ఒకటి, దేవుడి గూటిది ఒకటి.

"బాబాయ్, ఇవి బండిలో వెలగాలి," అంది.

"ఇల్లు మోయలేక దీపాలు మోసుకొచ్చింది మామా," అన్నాడు గురవయ్య.

"నువ్వు మోశావా ఏం? నోరు మూసుకుని సుత్తి అందించు," అంది కోటమ్మ.

సైదులు బల్బులు తీసి పక్కన పెట్టాడు. "ఇవి ఇంటి కరెంటు తాగి పెరిగినవి. బ్యాటరీ పాలు వీటికి ఆనవమ్మాయ్." పాత గాజుబుడ్ల లోపల బ్యాటరీ బల్బులు పెట్టాడు.

"తీగ మాత్రం ఇంటిదే వేసెయ్ మామా. మాపటికి తిరునాళ్లలో ఉండాలి," అని తొందరపెట్టాడు గురవయ్య.

సైదులు అలసిపోయి ఉన్నాడు. సరేనన్నాడు.

మీట నొక్కాడు. గడపది వెలిగింది. పొయ్యిది వెలిగింది. దేవుడి గూటిది వెలిగింది. కోటమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

సైదులు మాత్రం కదల్లేదు. బిడ్డ నుదురు చూసినట్టు, తీగ మీద అరచేతి వెనకవైపు ఆనించాడు. ఒకసారి. కాసేపాగి రెండోసారి. ఇంకాసేపాగి మూడోసారి.

"జ్వరం ఉందమ్మాయ్," అన్నాడు.

"తీగకు జ్వరమేంటి మామా? వెలిగిందిగా."

"వెలిగితే చాలదు అల్లుడూ, కాలకుండా వెలగాలి. ఇంటి కరెంటు కుస్తీ వస్తాదు. బస్తా ఒక్కడే భుజాన వేసుకుని సన్న సందులో పోతాడు. బ్యాటరీ కరెంటు బక్కది. అదే బస్తాను ఇరవై మంది మూటలు కట్టి మోయాలి. సందు ఇరుకైతే ఒరుసుకుంటారు, వేడెక్కుతారు. లావు తీగ వేయాలి."

ఆగి, నేల చూస్తూ అన్నాడు. "ఒకసారి ఇలాగే అలసిపోయి చెయ్యి ఆనించకుండా పంపేశాను. బొమ్మలాట వాళ్ల బండి. మనుషులు బయటపడ్డారు. బొమ్మలన్నీ బూడిదయ్యాయి. అప్పట్నుంచీ నిద్ర పట్టదు నాకు."

గురవయ్య సుత్తి మళ్లీ చేతికి తీసుకున్నాడు.

కొట్లో అమ్మకానికి ఉంచిన లావు తీగ అయిపోయింది. పట్నం ఒక పూట దూరం. సైదులు మోకాళ్లు పట్టుకుని లేచి తన వ్యానులోకి పోయాడు. వాడిన లావు తీగ చుట్ట ఒకటి తెచ్చాడు. వేసినదంతా పీకాడు, మళ్లీ వేశాడు. మూడుసార్లు చెయ్యి ఆనించాడు. చల్లగా ఉంది.

"ఇక భయం లేకుండా పడుకోండి," అన్నాడు.

ఏడాది తిరిగి అదే తిరునాళ్లకు పోతూ వాళ్లు ఆ కొట్టు దగ్గర ఆగారు. సైదులు లేడు. "పండక్కి ముందే పోయాడమ్మా, పని చేస్తూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే," అంది పక్కన టీ కాసే ఆవిడ.

పటానికి దణ్ణం పెట్టుకుందామని కోటమ్మ వ్యానులోకి పోయింది. దీపం మీట నొక్కింది. వెలగలేదు. చూస్తే బ్యాటరీ నుంచి దీపం దాకా మేకులు వరసగా ఉన్నాయి. మేకుల మీద తీగ లేదు.

ఆమె అక్కడే కూలబడింది. వెనకే వచ్చిన గురవయ్య తల మీది తుండు తీసి, ఖాళీ మేకుల మీద అరచేతి వెనకవైపు ఆనించి నిలబడ్డాడు.

నాటకాల బండి కానీ, యాత్రల బండి కానీ, ఆ దారిన పోయేవాళ్లు ఈనాటికీ పడుకునే ముందు తీగ మీద మూడుసార్లు చెయ్యి ఆనిస్తారు. "జ్వరం ఉందా?" అని ఒకరు అడుగుతారు. "లేదు, సైదులు బాబాయ్ చూసిపోయాడు," అని ఇంకొకరు అంటారు. అప్పుడే నడుం వాలుస్తారు.

ఆ దేవుడు ఆయనకు నిద్ర ఇచ్చే ఉంటాడు. నా కథ చల్లారింది నాయనా. మీ తీగ చల్లగా ఉండాలి.