చలివేంద్రం పలక

వెనకటికి ఒక రేవుపట్నంలో గవరమ్మ చలివేంద్రం నడిపేది. చీనా నావికుల కోసం రాజుగారి దుబాసీ అవధానులు అక్కడ వాళ్ల భాషలో పలక కట్టించాడు: "కాళ్లు కడుక్కుని వచ్చి చల్లటి నీళ్లు తాగండి" అని ఆయన ఉద్దేశం. ఆనాటి నుంచీ చీనావాళ్లు పలక చదవడం, తాగే నీళ్లన్నీ కాళ్ల మీద పోసుకోవడం!

"రాతలో తప్పుందేమో చూడండి బాబూ," అంది గవరమ్మ.

"నా రాతలో తప్పా? వాళ్లే మొరటువాళ్లు. కొరడాలతో కొట్టిస్తాను!"

"అయితే అదే పలక, ఓ గంగాళం నీళ్లు మీ గుమ్మంలో పెట్టండి. తమరి ముందు కూడా మొరటుగా ఉంటే అప్పుడే కొట్టిద్దురుగాని."

"నా గడప దగ్గర ఎవడికుందే అంత ధైర్యం?" అని అవధానులు మీసం దువ్వి రెండూ పెట్టించాడు.

మర్నాడు నావికులొచ్చారు. పలక చదివారు. అవధానులకు వంగి వంగి దణ్ణాలు పెట్టారు. ఆపైన ఒక్కొక్కరే గంగాళంలో దిగి, శ్రద్ధగా పాదాలు తోముకున్నారు.

అవధానులు నోరు తెరిచేలోగా గవరమ్మ అంది: "తిట్టకండి బాబూ, తమరి ఆజ్ఞే పాటించారు. ఇంత మర్యాదస్తులు మన రేవుకొచ్చి మన పలక చూసి నవ్వుకోకూడదు."

ఆ పూటే అవధానులు ఒక నావికుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, అడిగి అడిగి పలక తిరగరాశాడు. పాత పలక వాళ్లకు "ఈ చల్లటి నీళ్లతో కాళ్లు కడుక్కోండి" అని చెబుతోందట! తొలి గ్లాసు నీళ్లు గవరమ్మ ఆయనకే ఇచ్చింది, కాళ్లు కడుక్కున్నాకే.