కంట చుక్క రాని తీర్పు

పూలకొండ రాజు అనంగభూపాలుడికి ఒక వింత అలవాటు ఉండేది. ఎవరికైనా పట్టుశాలువా కప్పబోయే ముందు, వాళ్ల పనిలో తప్పు పట్టగలవారెవరని సభను అడిగేవాడు. తప్పు పడితే శాలువా వాళ్లది. పట్టలేకపోతే ఊరంతా ఏడాదిపాటు చెప్పుకుని నవ్వేది. అందుకని ఎవరూ నోరు మెదిపేవారు కాదు.

ఆరోజు శాలువా ధర్మాధికారి వేదాద్రికి.

మూడేళ్ల కిందట ఆస్థానంలో మద్దెల వాయించే సింగన్నా, అంతఃపురానికి పూలు కట్టే నాచారమ్మా పెద్దల ఎదుట తమలపాకును రెండుగా చింపి, చెరో ముక్కా ఒకరి మొహాన ఒకరు కొట్టుకుని విడిపోయారు. కుండలూ చాపలూ, చివరికి జాడీలో ఉప్పుతో సహా పంచి పెట్టినవాడు వేదాద్రే. కూతురు నీలాయిని కూడా అలాగే పంచాడు. వెన్నెల పదిహేను రోజులు తల్లి దగ్గర, చీకటి పదిహేను రోజులు తండ్రి దగ్గర. ఆరోజు ముగ్గురూ సభలోనే ఉన్నారు.

"ఈ మూడేళ్లలో ఆ పిల్ల ఒక్కసారీ ఏడవలేదు ప్రభూ. కంట చుక్క రాలేదంటే బాధ లేదన్నమాట" అన్నాడు వేదాద్రి మీసం సవరించుకుంటూ.

రాజు మురిసిపోయాడు. ఈ తీర్పును రాతి మీద చెక్కించి, రాజ్యంలో విడిపోయే ప్రతి జంటకూ ఇదే శాసనం చేస్తానన్నాడు. ఆపైన అలవాటు ప్రకారం, తప్పు పట్టేవారున్నారా అని అడిగాడు.

రాజుకు తాంబూలం అందించే పేరిందమ్మ చేతిలో పళ్లెం కింద పెట్టింది. ఆవిడా రెండిళ్ల బిడ్డే. వంటవాడు ఉప్పు సరిపోయిందా అని అడిగితే, నలభై ఏళ్లొచ్చినా ఇంకా వాడి మొహం చూసే జవాబు చెప్పేది. లోకమంతా మెచ్చుకునే ఆ చురుకు నాలుక, ఇద్దరి కోపాల మధ్య తప్పించుకు తిరుగుతూ సంపాదించినదే. మొన్న నీలాయిని పిలిచి, జామపండు కావాలా సీతాఫలం కావాలా అని అడిగింది. ఎనిమిదేళ్ల పిల్ల అటూ ఇటూ చూసి, మీకు ఏది వద్దో అదివ్వండి అంది. ఆ రాత్రి పేరిందమ్మకు అన్నం సయించలేదు.

"నేను తప్పు పడతాను ప్రభూ. ధర్మాధికారిగారు ఒక్క పూట నీలాయిలా ఉంటే చాలు."

వేదాద్రి పకపకా నవ్వాడు. "ఉంటాను. జడ కూడా వేస్తావా, పేరిందమ్మా?"

"వేద్దును. దానికి కాస్త జుట్టుండాలి కదండీ."

సభ ఘొల్లుమంది. వేదాద్రి బట్టతల తడుముకున్నాడు.

పేరిందమ్మ వెళ్లి రాజు చెవిలో ఒకమాట, రాణి చెవిలో ఒకమాట వేసింది. క్షణంలో రెండు సింహాసనాలూ మండపం రెండు చివరలకు చేరాయి. రాజూ రాణీ వీపులు తిప్పుకుని కూర్చున్నారు. పెళ్లయి ఇరవై ఏళ్లయినా ఇంత సరదా ఆట వాళ్లకు దొరకలేదు.

ముందు రాణి వేదాద్రిని పిలిచి తాంబూలం ఇచ్చింది. పూలకొండలో పెద్దలిచ్చిన తాంబూలాన్ని వాళ్ల అనుమతి లేకుండా ఉమ్మడం ధిక్కారం. ఇంకొకరు ఇస్తే వద్దనడం అంతకన్నా ధిక్కారం. వేదాద్రి బుగ్గన పెట్టుకున్నాడు. రాజుగారు నా గురించి ఏమన్నారని రాణి అడిగింది. ఏమీ అనలేదన్నాడు. నా ఊసే ఎత్తలేదా అని రాణి అలిగింది.

రాజు పిలిచాడు. అక్కడి తాంబూలం బాగుందా అన్నాడు. బాగుందన్నాడు వేదాద్రి. అయితే మాది బాగోదన్నమాట అని రాజు ఇంతలావు తమలపాకు చిలక రెండో బుగ్గలో కుక్కించాడు.

మళ్లీ రాణి. అక్కడ నవ్వుతున్నావట, ఏమిటంత నవ్వు? ఇంకో చిలక. మళ్లీ రాజు. ఇక్కడికి రాగానే మొహం మాడ్చావే, అక్కడే బాగుందా? ఇంకోటి.

నాలుగోసారి తిరిగేసరికి ధర్మాధికారి బుగ్గలు రెండూ బూరెల్లా ఉబ్బాయి. మింగలేడు, ఉమ్మలేడు. మండపంలో ఎండగా ఉందా నీడగా ఉందా అని రాజు అడిగితే తల నిలువుగా ఊపాడు. రాణి గొంతు సవరించుకోగానే అదే తల అడ్డంగా ఊపాడు. ఆనక దేనికైనా మంచిదని గుండ్రంగా తిప్పాడు. భటులు ఈటెలు వదిలేసి పొట్టలు పట్టుకున్నారు.

రాజు నవ్వు ఆపుకుంటూ చెయ్యెత్తాడు. "చాలించు పేరిందమ్మా, పాపం అవస్థ పడుతున్నాడు."

పేరిందమ్మ దగ్గరికి వెళ్లి వేదాద్రి కుడికంట్లోకి చూసింది, ఎడమకంట్లోకి చూసింది.

"కంట చుక్క లేదు ప్రభూ. ఆయన తీర్పు ప్రకారం సుఖంగానే ఉన్నారు."

మండపం పైకప్పు ఎగిరిపోయేంత నవ్వు. ఓ మూల సింగన్న మద్దెల మీద వాలిపోయి నవ్వాడు. ఇంకో మూల నాచారమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. మధ్యలో నిలబడ్డ నీలాయి ముందు తల్లి మొహం చూసింది, తర్వాత తండ్రి మొహం చూసింది. ఇద్దరూ నవ్వుతున్నారని రూఢి చేసుకున్నాక అప్పుడు నవ్వింది.

రాజు అది చూశాడు. సింగన్నా నాచారమ్మా కూడా చూశారు. ఇద్దరి నవ్వూ ఒక్కసారే ఆగింది.

రాజు లేచివచ్చి శాలువా పేరిందమ్మకు స్వయంగా కప్పి, రాతి మీద ఏం చెక్కించమంటావని అడిగాడు.

"ఇళ్లు రెండుంటే ఉండనివ్వండి ప్రభూ. ఒక ఇంట్లో రెండో ఇంటిని తలుచుకోవడం మాత్రం బిడ్డకు నేరం కాకూడదు. ఇంకో ఇంటి సంగతులు ఆరా తీయడం పెద్దలకు నేరం కావాలి."

తల్లీ తండ్రీ తలలు వంచి ఒప్పుకున్నారు. మరి ధర్మాధికారికి సమ్మతమేనా అని రాజు అడిగాడు. వేదాద్రి రాజును చూడలేదు, రాణిని చూడలేదు. తల నిలువుగా, గట్టిగా, ఏడుసార్లు ఊపాడు.

"అయితే ఉమ్మిరా పో" అన్నాడు రాజు.

ధర్మాధికారి అంత వేగంగా పరుగెత్తగలడని పూలకొండలో అప్పటిదాకా ఎవరికీ తెలియదు.