నీరువాడ గురుతులమ్మ

నీరువాడ రేవులో పడవెక్కి అరగంట లోనికి పోతే, సరస్సు నడుమ చిన్న లంక మీద గురుతులమ్మ సన్నిధి వస్తుంది. గోపురం లేదు. తాటాకు పందిరి కింద మోకాలెత్తు నల్లరాయి ఉంటుంది. "ఇంతేనా?" అని పెదవి విరిచే యాత్రికులు ఉంటారు. స్థలానికి మహిమ రావాలంటే ఋషి తపస్సో, దేవత కలలో కనబడటమో ఉండాలంటారు. ఇక్కడ రెండూ లేవు. ఒక ముసలామె జ్ఞాపకం ఉంది. అది చాలదనుకునేవారు పడవ వెనక్కి తిప్పుకోవచ్చు.

పూర్వం ఇక్కడ లంక మీదే బెస్తల ఊరుండేది. ఒక ఏడు ఏరు పొంగి లంకను కోసుకుపోయింది. మిగిలినవారు మెట్టకు పోయి పన్నెండేళ్లు రాళ్లు మోసి బతికారు. వారిలో పైడమ్మకు మశూచి సోకి చూపు పోయింది. పొయ్యి ముందు కూర్చుని, "ఈ పాటికి నీళ్ల మీద మంచు లేస్తుంటుంది, ఏరు వచ్చి కలిసే మొగ దగ్గర చేప ఎదురెక్కుతుంటుంది" అని కోడళ్లకు చెప్పేది. ఆ సరస్సును వారిలో కొందరు చూడనే లేదు.

పన్నెండో ఏట నీరు తీసింది. నాలుగు పడవల మీద ఊరు తిరిగి వచ్చింది. అయితే పాత ఊళ్లో కొలిచిన అమ్మవారి రాయి ఇంకా నీటి అడుగునే ఉంది. అమ్మ ఉన్నచోటే ఇల్లు కట్టాలన్నది వారి కట్టుబాటు. పైడమ్మకు మరిది అయిన కులపెద్ద గంగులు తేల్చి చెప్పాడు: "పొద్దు వాలేలోగా రాయి దొరికిందా, ఊరు ఇక్కడ. లేదా, మెట్టకే పోదాం. మళ్లీ ఈ మాట ఎత్తొద్దు."

ఇప్పుడు వెనక్కి పోతే, మళ్లీ వచ్చే నాటికి తన బొమికలు కూడా మిగలవని పైడమ్మకు తెలుసు.

గట్టున కొంగలు వాలి తెల్లబడ్డ చెట్లకేసి తెడ్లు వేశారు. వెనుకటి రోజుల్లో రాయి వాటి ఎదుటే ఉండేది. మధ్యాహ్నం దాకా గడలతో పొడిచినా బురద తప్ప ఏమీ తగల్లేదు.

"ఎక్కడ వెతుకుతున్నార్రా?" అంది పడవలో కూర్చున్న పైడమ్మ.

"కొంగల చెట్ల ముందే, వదినా."

"పన్నెండేళ్లలో నువ్వే మూడు గుడిసెలు మార్చావు. కొంగ చెట్టు మార్చదా? కొండను చూడు. పెద్దకొండ వెనక చిన్నకొండ పూర్తిగా దాగాలి."

"చూపులేని వదిన దారి చూపుతుందటర్రా!" పడవలన్నీ నవ్వాయి.

"చూపున్నోళ్లు పొద్దుట్నుంచీ బురద కెలికారుగా. చిన్నకొండ దాగిందా?"

"దాగిందిలే," అన్నాడు గంగులు విసుగ్గా.

పైడమ్మ చెవి రిక్కించింది. "అబద్ధం. ఏరు దూకే మొగ హోరు సన్నగా ఉంది. అమ్మవారి రాయి దగ్గర ఆ హోరులో నా పెళ్లిపాటే వినబడలేదు. నీకు కళ్లున్నాయి కదా అని నమ్మాను మరిదీ. ఉన్నది చెప్పు."

గంగులు తల దించుకున్నాడు. "సగం కనబడుతోంది వదినా."

"దక్షిణానికి పోనివ్వండి."

తెడ్డు పడ్డప్పుడల్లా అతడు చెబుతూ వచ్చాడు. పావు. కొన. ఇక లేదు. గడ దింపితే ఖంగుమంది. పొద్దు బెత్తెడుంది. గంగులు నడుములోతు నీటిలోకి దూకి, వదినను దింపి, ఆమె చేతిని రాతి మీద ఉంచాడు. అందరూ ఆమె మొక్కుతుందనుకున్నారు.

"పొయ్యి ఎటు పెట్టుకుందాం?" అంది పైడమ్మ.

మరుసటి వేసవికి రాయి బయటపడింది. తట్టలతో మట్టి మోసి చుట్టూ లంక కట్టారు. గురుతులు పట్టిచ్చిన తల్లి గనుక ఆ రాతిని గురుతులమ్మ అన్నారు.

ఇప్పటికీ ఇక్కడ కొబ్బరికాయకు ముందు ఒక ఆచారం ఉంది. భక్తులు రాతి మీద చేయి ఉంచి, నాలుగు దిక్కులా కనబడేది అమ్మకు పైకి చెప్పాలి. వెనుకటి వైభవం కాదు, ఇవాళ ఉన్నది. రొయ్యల చెరువులుంటే రొయ్యల చెరువులు, టవరుంటే టవరు. అలా చెప్పినవారు ఎంత దూరాన ఉన్నా ఇల్లు చేరతారని నమ్మకం. చిన్నకొండను క్వారీ సగం తినేసింది. పెద్దవాళ్లు దానికేసి ఇంకోసారి చూసిగానీ ఆ మాట చెప్పరు. ఎండలో వరుస ఎంత పొడవున్నా, వెనక నిలబడ్డవారు తొందరపెట్టరు.