గడ్డిమోపులు ముందొచ్చిన పడవ

అనగనగనగా గోదారి ఒడ్డున ఓ ఊరుండేది. కాలు కదపకు తల్లీ, దుప్పటి జారిపోతోంది. ఆ ఊళ్ళో మనుషుల గురించి చెప్పడానికి రెండే మాటలు. మంచోళ్ళు, చెడ్డోళ్ళు. అంతే! ఎవరినీ ఏమీ అననివాడు మంచోడు. చుక్కమ్మ ఉందే, ఆవిడ ఎవరినైనా సరే మొహమ్మీదే కడిగేసేది. అందుకని ఆవిడ చెడ్డది.

ఒకనాడు ఆ ఊళ్ళో నూకాలు అనే ఆవిడ పిల్లలిద్దరూ గడ్డికోత వాళ్ళతో పడవెక్కి ఏటి మధ్య లంకకెళ్ళారు. పడవ వాళ్ళని దింపి వచ్చేసింది. మధ్యాహ్నానికి వరదొచ్చింది చూడూ! ఓరి నాయనో, లంక చూస్తూండగానే మునిగిపోతోంది. నూకాలు గట్టున గుండెలు బాదుకుంటోంది. ఊరందరికీ ఉన్నది ఆ ఒక్క చిన్న పడవే.

"ఎవరైనా మంచోణ్ణి పంపండర్రా!" అన్నాడు ఊరిపెద్ద.

అప్పుడు సూరన్నని పంపారు. మంచోడే పాపం. తలపాగా చుట్టాడు, విప్పాడు, మళ్ళీ చుట్టాడు. తాడు ముడి చూసుకున్నాడు. నీళ్ళు రేవు మెట్లెక్కేస్తున్నాయి, ఈయన ఇంకా గట్టుమీదే!

ఆ తర్వాత లచ్చన్నని పంపారు. ఆయనా మంచోడే. ఏటి నడుమ ఓ సుడి కనబడిందో లేదో, పడవ వెనక్కి తిప్పేశాడు.

ఆ తర్వాత గున్నయ్య వెళ్ళాడు. ఈయన చేరాడు, చేరాడమ్మా లంకకి! గట్టుమీద ఒకటే ఈలలు. పడవ తిరిగొచ్చింది. చూస్తే ఏముంది? గడ్డిమోపులు, రెండు మేకలు, ఆ మేకల కామందు!

"నా పిల్లలేరీ?" అని నూకాలు కేక పెట్టింది.

"ఈయన ముందు తన మేకల్నీ, మోపుల్నీ ఎక్కించమన్నాడమ్మా. కాదనలేకపోయాను" అని గున్నయ్య నసిగాడు.

అప్పుడు నూకాలుకి ఒళ్ళు మండిపోయింది. "చాలు మీ మంచోళ్ళు! ఒకాయన నిదానస్తుడు, ఒకాయన పిరికివాడు, ఒకాయన మొహమాటస్తుడు. నాకిప్పుడు తెగువున్న మనిషి కావాలి, నోరున్న మనిషి కావాలి. చుక్కమ్మత్తా, నువ్వెళ్ళు!"

చుక్కమ్మ కొంగు బిగించింది. గడ్డిమోపులు గట్టుమీదకి విసిరేసింది. గెడ అందుకుంది. సుడిని నానా తిట్లూ తిట్టుకుంటూ, దాని పక్కనుంచే దూసుకుపోయింది! లంకలో కోతవాళ్ళు పడవ మీద పడబోయారు.

"ఆగండక్కడ! ముందు పిల్లలు. మోపు ముట్టుకున్నారంటే ఏట్లో పారేస్తా!"

కోతవాళ్ళంతా వెనక్కి జరిగారు. పిల్లలొచ్చేశారు. ఆ తర్వాత మళ్ళీ వెళ్ళి తక్కినవాళ్ళని కూడా తెచ్చేసింది.

నూకాలు పిల్లల్ని కావిలించుకుని ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. ఊరిపెద్ద చేతులు జోడించాడు. "చుక్కమ్మా, నువ్వెంత మంచిదానివమ్మా!"

"ఛీ, ఆ మాట నాకొద్దు బాబూ!" అని కసిరింది చుక్కమ్మ. "నేను నోటిదురుసుదాన్ని, మొండిదాన్ని, దేనికీ జడవనిదాన్ని. ఊరందరికీ అలాగే చెప్పండి. ఈసారి వరదొస్తే ముందు ఎవర్ని పిలవాలో తెలుస్తుంది!"

కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
అల్లరిపిల్లేమో అమ్మమ్మ ఒడికి!