గుండ్రంలో అమ్మమ్మ

"ఆడవాళ్ళకు లేని గ్రంథి గురించి ఆడవాళ్ళని అడగడం ఎందుకు మేడమ్?" అని భార్గవ ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

వకుళగారు విశాఖపట్నంలో ఒక పరిశోధనశాలకు పెద్ద. ప్రోస్టేట్ క్యాన్సర్ కొందరు మగవాళ్ళకే ఎందుకు వస్తుంది, అందులో పుట్టుకతో వచ్చిన జన్యువుల వాటా ఎంత అని వెతకడం ఆమె పని. ఆమెకొక అలవాటుంది. రక్తం ఇవ్వడానికి వచ్చిన మగవాడితో నాలుగు మాటలు మాట్లాడి పంపేసేవారు. అతని వెంట వచ్చిన తల్లినో భార్యనో అక్కనో మాత్రం కుర్చీ వేసి కూర్చోబెట్టి, టీ తెప్పించి మరీ ప్రశ్నలు వేసేవారు. శిష్యుడైన భార్గవకు ఇది గిట్టేది కాదు. జబ్బు మగవాళ్ళది, రక్తం మగవాళ్ళది, మధ్యలో ఈ పేరంటం దేనికని అతని బాధ.

ప్రశ్నకు జవాబు చెప్పడం కన్నా, వేసినవాడికి పని చెప్పడం వకుళగారికి ఇష్టం. "జన్యువులు చదివే కొత్త యంత్రాన్ని పరీక్షించాలి. నీ చెయ్యి ఇటివ్వు," అని అతని రక్తమే తీయించారు.

ఫలితం చూసి భార్గవ పెద్దగా నవ్వాడు. "యంత్రం దండగ మేడమ్! మనం వెతుకుతున్న ఆ మార్పు నాలోనే ఉందంటోంది."

ఆ మార్పు రోగనిరోధక శక్తికి సంబంధించిన ఒక జన్యువులోది. క్రిమి చొరబడితే ఒళ్ళు వాపు పుట్టించి పోరాడుతుంది, పని కాగానే ఆ వాపు తగ్గిపోవాలి. ఆ మార్పు ఉన్నవాళ్ళలో నిప్పు పూర్తిగా ఆరదు, లోపల రాజుకుంటూనే ఉంటుంది. ఏళ్ళ తరబడి అలా రాజుకోవడం క్యాన్సర్‌కు దారి తీస్తుందేమోనన్నది వకుళగారి అనుమానం.

"మా వంశంలో ఎవరికీ లేదు మేడమ్. మా తాతగారు తొంభై ఏళ్ళు బతికారు."

"అయితే గీసి చూపించు," అని ఆమె సుద్దముక్క అందించారు.

మగవాళ్ళకు చదరం, ఆడవాళ్ళకు గుండ్రం గీయడం ఆ చదువులో పద్ధతి. భార్గవ చకచకా గీశాడు. నాన్న, తాత, ముత్తాత, ముత్తాత తండ్రి. పేర్లు, ఉద్యోగాలు, చదరాల మీద చదరాలు. అవతలి పక్క తల్లికొక గుండ్రం గీసి పేరు రాశాడు. దానిపైన మరో గుండ్రం గీసి ఆగాడు. పేరు తట్టలేదు. చివరికి 'అమ్మమ్మ' అని రాసి చేతులు దులుపుకున్నాడు.

వకుళగారు ఆ గుండ్రం మీద వేలు పెట్టారు. "మీ అమ్మగారికి ఫోన్ చెయ్యి. నాక్కూడా వినిపించేలా పెట్టు," అన్నారు.

"ఏరా, ఈ వేళప్పుడు ఫోనేమిటి? అన్నం తిన్నావా?"

"తిన్నానమ్మా. మీ పుట్టింటివైపు ఎవరికైనా ప్రోస్టేట్ జబ్బు..."

"ఆ పేరు నాకు తెలీదు గానీ, మూత్రం కట్టుబడిపోయే జబ్బేనా? మా మేనమామ దానితోనే పోయాడు కదరా! ఆఖర్న నడుం ఎముకలు పీకేసి మంచం దిగలేదు. మా అమ్మ వాళ్ళ నాన్నగారికీ అదేనట. ఇద్దరికీ మా అమ్మే సేవ చేసింది."

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వెప్పుడు అడిగావు? మీ నాన్నగారి వైపు గొప్పలు వినడానికే నాకు తీరిక చాలలేదు. అన్నట్టు, మా అన్నయ్య కూడా రాత్రంతా మూత్రానికి లేచి తిరుగుతున్నాడట, వదిన చెప్పింది. ఏమిటన్నయ్యా అంటే కసిరాడు. వయసొచ్చాక మామూలేనట!"

తల్లి మాట్లాడుతున్నంతసేపూ వకుళగారు గీస్తూనే ఉన్నారు. పైన అమ్మమ్మ తండ్రికి ఒక చదరం, అక్కడినుంచి గీత అమ్మమ్మ గుండ్రంలోకి, అమ్మ గుండ్రంలోకి, తిన్నగా భార్గవ మీదికి. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. యంత్రం దండగ కాదు!

"ఆ మార్పు ఉన్నంతమాత్రాన జబ్బు రాదు, భయపడకు," అన్నారు వకుళగారు. "పరీక్ష చేయించడానికి అంతకన్నా గట్టి కారణం ఇప్పుడు ఫోన్లో విన్నాం. మీ మావయ్యగారు ఎక్కడుంటారు?"

తునిలో. పైగా ఆయన భార్గవకు మేనమామే కాదు, పిల్లనిచ్చిన మామగారు కూడా. ఆ సాయంత్రం అతను ధైర్యం చేసి ఫోన్లో మూత్రం సంగతి ఎత్తాడు. "అల్లుడివి! అడగాల్సిన మాటేనా అది?" అని ఆయన ఫోన్ పెట్టేశారు.

భార్గవ భార్య చారుమతి ఫోన్ లాక్కుని మళ్ళీ కలిపింది. "నాన్నా, పొద్దుటి బండికి వస్తావా, లేకపోతే నేనే వచ్చి మన అరుగు మీద నిలబడి, వీధంతా వినేలా అడగమంటావా?"

ఆయన పొద్దుటి బండికే వచ్చారు.

రక్తపరీక్ష అయింది, గ్రంథిలోంచి చిన్న ముక్క తీసి చూశారు. క్యాన్సరే. ఫలితం పట్టుకుని భార్గవ లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లన్నీ ఎక్కి, రొప్పుతూ వకుళగారి గదిలోకి దూసుకొచ్చాడు.

"మేడమ్! దాటలేదు! గ్రంథి దాటలేదట! ఇప్పుడే పట్టుకున్నాం, నయమైపోతుందన్నారు డాక్టరుగారు. చారుమతి ఏడుస్తోంది, నవ్వుతోంది! మన జన్యువే మా మావయ్యను కాపాడింది మేడమ్!"

వకుళగారు కూడా కుర్చీలోంచి లేచిపోయారు. అతని రెండు చేతులూ పట్టుకుని ఊపేశారు. తర్వాత కళ్ళద్దాలు తుడుచుకుని బోర్డు వైపు తిరిగారు. అది ఇంకా ఎవరూ చెరపలేదు. భార్గవ గీసిన చదరాలన్నిటికీ పేర్లున్నాయి. పై గుండ్రంలో ఇంకా 'అమ్మమ్మ' అనే ఉంది.

ఆమె సుద్దముక్క తీసి అతని చేతిలో పెట్టారు.

"చాలా సంతోషం నాయనా. ముందు ఆవిడ పేరు కనుక్కుని రా."