సన్నాసమ్మ పాటకి నక్క కట్టిన చరణం

కాలవ గట్టున ఉన్న పశువుల దొడ్డిలో ధవళమ్మ అనే తెల్లావు ఈనాటికీ ఒక పని చేస్తుంది. రాతి తొట్టిలో మూతి పెట్టే ముందు, మూలనున్న పాత బండి కొట్టం వైపు తిరిగి తల వంచుతుంది. కొత్తగా వచ్చిన పశువులు సూర్యుడికి దండం పెడుతోందనుకుంటాయి. సూర్యుడికి కాదు. ఆ కొట్టంలో బడి ఉంది, బడిలో కాటుకమ్మ అనే గేదె పంతులమ్మ ఉంది, దండం ఆమెకి. ఒకప్పుడు ఆ పంతులమ్మనే దొడ్డి నుంచి గెంటించమని ఫిర్యాదు మీద డెక్క ముద్ర వేసింది కూడా ఈ ధవళమ్మే. తల పొగరుకి తలవంపుకి మధ్య ఏం జరిగిందో చెబుతాను, వినండి.

ఆ రోజుల్లో తొట్టి దగ్గర ఒక వరస ఉండేది. ముందు ఆవులు, తర్వాత ఎద్దులు, ఆ తర్వాత గేదెలు, మేకలు, గొర్రెలు. గాడిద వంతు వచ్చేసరికి నీళ్లు అడుగంటేవి. పంది వంతుకి బురద మిగిలితే మిగిలినట్టు. ఈ వరస ఎవరు పెట్టారంటే ఎవరికీ తెలీదు. అందరికంటే ముందు తాగే ధవళమ్మకి తెలుసుకోవాల్సిన అవసరమూ రాలేదు.

కాటుకమ్మ వట్టిపోయిన గేదె. పిల్లలకి చదువు చెబుతోంది కాబట్టి దొడ్డిలో ఇంత చోటిచ్చారు. అక్షరాలతో పాటు పాటలు నేర్పేది. అదీ ఎవరి పాట వాళ్లకి కాదు. గాడిద కట్టిన పాట దూడలకి, పంది కట్టిన పాట గొర్రెపిల్లలకి, కాకి పాట కుక్కపిల్లలకి. ఆ పాటలు కట్టినవాళ్ల దగ్గరికి తనే నడిచి వెళ్లి, కూర్చుని, అడిగి నేర్చుకొచ్చేది. ఆమె బడిలో ఒక నియమం ఉంది. పరాయి పాట పాడిన పిల్ల చివర్లో సొంతంగా ఒక చరణం కట్టాలి.

"ఆ పాట జరిగిన చోట నువ్వు నిలబడి ఉంటే ఏం చూసేదానివో, ఏం చేసేదానివో అది చెప్పు. చిలక పలుకులు నాకొద్దు" అనేది. ముందు వరసలో కూర్చున్న చిలకపిల్ల మూతి ముడుచుకునేది.

ఒక మండు వేసవి మధ్యాహ్నం ధవళమ్మ కూతురు చుక్కి తొట్టిలో నాలుగు గుక్కలు తాగి తలెత్తేసింది.

"ఏమే, దాహం లేదా?"

"ఉందమ్మా. అప్పలస్వామి మావయ్యకి కొంచెం ఉంచుదామని."

ధవళమ్మకి పొలమారింది. "గాడిద నీకు మావయ్య ఎప్పుడయ్యాడే?"

"పాట నేర్చుకున్నప్పటి నుంచి" అని చుక్కి తోక ఊపుతూ ఎత్తుకుంది.

"ఊరి మురికి మోసేది నా వీపు
ఉతికిన తెలుపు ఊరిదంట
తొట్టి నిండా నీళ్లున్న వేళ
దూరంగా నిలబడాలంట
నా వంతు వచ్చేసరికి
అడుగు బురదే నాదంట."

"ఇంక నా చరణమమ్మా, విను" అంది.

"మూతి తడిపే ముందు నేను
తొట్టి అడుగు చూస్తాను
నా వెనకాల ఎవరున్నారో
తిరిగి ఒకసారి చూస్తాను."

మంచి చరణమే. కానీ ధవళమ్మకి చెంప మీద కొట్టినట్టనిపించింది. ఆ మంటని కోపం అనుకుంది. "గాడిదకేం తెలుసు గంధం వాసన! వాడి ఏడుపు నా కూతురి నోట్లో పెడుతుందా ఆ గేదె? గోవుల్లేని ఊళ్లో గొడ్డుగేదె శ్రీమహాలక్ష్మి అన్నట్టుంది దీని పెత్తనం" అని రుసరుసలాడింది.

ఆ మాటలు కంచె అవతల నక్క జంబయ్య చెవిన పడ్డాయి. జంబయ్య దొడ్డి తగవుల్లో పెద్దమనిషిలా తిరిగేవాడు. మాట తేనె. కాకపోతే నెల రోజులుగా డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. ఎందుకు పోయాయో ధవళమ్మ ఆలోచించలేదు. పొగిడేవాడి డొక్కలు ఎవరు చూస్తారు?

"అక్కగారూ, తప్పుగా అనుకోనంటే ఒక మాట. మీలాంటి వంశంలో పుట్టిన దూడ పంది పాటలు పాడుకుంటూ తిరుగుతుంటే చూడలేకపోతున్నాను."

"నేనూ అదే అంటున్నా జంబయ్యా."

"ఎద్దు పుండు కాకికి నొప్పా అని పెద్దలు ఊరికే అన్నారా? ఎవరి పుండు వాళ్లది, ఎవరి పాట వాళ్లది. దూడకి దూడ పాట, పందికి పంది పాట. ఎవరి గుమ్మంలో వాళ్లు పాడుకుంటే గొడవే లేదు. ఇదిగో, ఫిర్యాదు రాసి ఉంచాను. మీరొక్క ముద్ర వేస్తే మిగతావాళ్లు మీ వెనకే వస్తారు."

బాదం ఆకు మీద ధవళమ్మ డెక్క ముద్ర పడింది. బడి పోతే వట్టిపోయిన గేదెని సంతకి తోలేస్తారని, సంతలో దాన్ని కొనేది కసాయివాడేనని ఆమెకి తెలుసు. తెలిసీ వేసింది.

మర్నాడు పొద్దున్నే కళ్లంలో పంచాయితీ పెట్టారు. పెద్ద, ఒంటికొమ్ము ఎద్దు సింహాద్రి తాత. ఆవులు ముందు కూర్చున్నాయి, గాడిద అప్పలస్వామి చివరన నిలబడ్డాడు. సన్నాసమ్మ అనే పంది, ఏడుగురు పిల్లల్ని వెంటేసుకుని కంచె దగ్గరే ఆగిపోయింది. బడిపిల్లలు ఒక పక్కన బిక్కుబిక్కుమంటూ చేరారు.

"సెప్పు జంబయ్యా, ఏటి నీ బాధ?" అన్నాడు సింహాద్రి తాత.

"నా బాధ కాదు తాతా, పిల్లల బాధ. నవ్వుకోవాల్సిన వయసులో ఇంకొకరి ఏడుపులు నేర్పిస్తోందీ పంతులమ్మ. అందులో మరీ విషం, పంది పాట. ముందు అది ఆపించాలి. ఆ తర్వాత ఈమెని పంపించాలి."

"నువ్వేటంటావమ్మా కాటుకమ్మా?"

కాటుకమ్మ నెమరు ఆపింది. "దూడకి దూడ పాట నేర్పడానికి నేనెందుకు తాతా? వాళ్లమ్మ ఉంది. ఇంట్లో దొరకని పాట నేర్పడానికే బడి. అయినా జంబయ్య విషం అన్నాడు కాబట్టి, దొడ్డి కట్టుబాటు ప్రకారం కానివ్వండి."

ఆ దొడ్డిలో ఒక పాత కట్టుబాటు ఉంది. గింజ చెడిందన్నవాడే ఆ గింజని కళ్లంలో అందరి ముందూ ఆరబోయాలి. మూట విప్పకుండా చెడిందంటే చెల్లదు. సింహాద్రి తాత కొమ్ము ఊపాడు. "నిజమే. విషం అన్నోడివి నువ్వే గదా, ఆ పాట ఆరబోయి. మొత్తం పాడు."

జంబయ్యకి ఇది పెద్ద కష్టం కాదు. కంచె చాటున నెల రోజులుగా ఆ పాట విని విని నోటికొచ్చేసింది. ముక్కు ఎగబీల్చి, పందిలా గుర్రుమని, నలుగుర్నీ నవ్వించి మొదలుపెట్టాడు.

"పొద్దున లేచి లెక్కెట్టుకుంటే
ఎనిమిది మంది నా పిల్లలు
పొద్దు వాలితే ఏడే ఏడు
ఎండిపోయినవి నా కళ్లు

కడగొట్టు బిడ్డ కనపడలేదని
గడప గడపకీ నే పోతే
మేత ఆపక ఒకరన్నారు
'పందిపిల్లే కదా, పోనీ'"

నవ్వులు ఆగిపోయాయి. ధవళమ్మ నోట్లో గడ్డి నోట్లోనే ఉండిపోయింది. రెండు నెలల కిందట సన్నాసమ్మ తన గాటి దగ్గరికి వచ్చి, వణుకుతూ, "అమ్మా, నా బుల్లోడిని సూసినావా?" అని అడిగింది. పచ్చిగడ్డి తింటూ, తలైనా ఎత్తకుండా, ఆ మాట అన్నది తనే. అన్న మాట ఆ క్షణమే మర్చిపోయింది. విన్న సన్నాసమ్మ మర్చిపోలేదు, పాటలో దాచుకుంది. ఇప్పుడు తన పేరు వస్తుందేమో అని ధవళమ్మ చెవులు రిక్కించింది. పేరు రాలేదు. పాట ముందుకు పోయింది.

"పందినని నా పాలకి తెలీదు
పొద్దున్నే చేపుకొస్తాయి
ఎనిమిదో నోటికి దాచినవన్నీ
నేలపాలై పోతాయి."

గొర్రెలు ముక్కులు ఎగబీల్చాయి. సింహాద్రి తాత కళ్లు మూసుకున్నాడు. తన గొంతుకి ఇంత మహత్తు ఉందా అని జంబయ్యకే ఆశ్చర్యమేసింది. పాటని విషమనడానికి వచ్చినవాడు, ఆ పాటతో పేరు కొట్టేద్దామనుకున్నాడు.

"చరణం! సొంత చరణం!" అని అరిచారు పిల్లలు. నియమం నియమమే కదా.

"అదెంత పని" అన్నాడు జంబయ్య. మీకంటే నాకే జాలెక్కువ అన్నట్టు ఛాతీ మీద పంజా వేసుకుని అందుకున్నాడు.

"రెల్లు పొదలో కాలు బెణికి
ఒంటరిగా కూలబడ్డాడు
కుంటుకుంటూ రెండడుగులేసి
అమ్మా అని పిలిచాడు."

"ఆహా!" అంది ఒక మేక, అలవాటుగా. అంతలో కంచె దగ్గర్నుంచి సన్నాసమ్మ కదిలింది. జనం మధ్యలోంచి ఒక్కో అడుగూ వేసుకుంటూ నక్క ముందుకొచ్చి నిలబడింది.

"బాబూ, నా బుల్లోడు గెంతుకుంటూ ఎల్లినాడు. ఆడి కాలు బెణికినట్టు నీకెవలు సెప్పినారు?"

జంబయ్య పంజా ఛాతీ మీంచి జారింది.

"అది... ఊహ! కవిత్వం కదమ్మా, కల్పన!"

"రెల్లు పొద అని నా పాటలో లేదు బాబూ. అక్కడికి ఎల్లినాడని నాకే తెలవదు."

కాటుకమ్మ మెల్లిగా అంది. "కల్పనే అనుకుందాం. రెల్లు పొద ఇక్కడికి కూతవేటు దూరం. సన్నాసమ్మా, బిడ్డ ఒంటి మీద గుర్తేమైనా ఉందా?"

"ముందు కాలికి దిష్టి తాడు కట్టినానమ్మా. నల్లది."

ఎవరూ చెప్పకుండానే కొట్టం మీది కాకి రెల్లు పొద వైపు ఎగిరింది. తిరిగొచ్చేసరికి దాని ముక్కున ఒక నల్లతాడు, ముడి విప్పకుండా అలాగే ఉంది. సన్నాసమ్మ ముందు పెట్టి పక్కకి తప్పుకుంది. సన్నాసమ్మ తాడు మీద మూతి ఆనించి కూర్చుండిపోయింది.

ముందుగా అరిచింది చుక్కి. వెంటనే గొర్రెపిల్లలు, మేకపిల్లలు, కుక్కపిల్లలు, చిలకపిల్లతో సహా బడి మొత్తం ఒక్క గొంతుతో అరిచింది. ఆ అరుపు విన్న జంబయ్య చెవులు వెనక్కి పడ్డాయి. నెల రోజులుగా అతని డొక్కలు లోపలికి పోవడానికి కారణం ఆ అరుపే. పంది పాట నేర్చిన దగ్గర్నుంచి పందిపిల్ల కీచుమంటే దూడ పరిగెత్తేది. మేకపిల్ల బేమంటే కుక్కపిల్ల మొరిగేది. ఇదివరకు ఒకరి పిల్ల పోతే మిగతా దొడ్డి మేత మేసేది. అందుకే పాటలు ఆపించాలనుకున్నాడు. ఆ సంగతి ఇప్పుడు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

నక్క కంచె దూకి పారిపోయింది. అప్పలస్వామి తన్నిన తన్ను ఒకటి వీపున మోసుకుని, తోకలో సగం కుక్క నోట్లో వదిలేసి, కాలవ దాటింది. మళ్లీ ఇటు చూడలేదు.

దొడ్డంతా గోలగా ఉంటే ధవళమ్మ సన్నాసమ్మ దగ్గరికి వెళ్లింది. జీవితంలో మొదటిసారి ఒక పంది ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"ఆ మాట అన్నది నేనే సన్నాసమ్మా."

"తెలుసమ్మా."

"మరి పాటలో నా పేరెందుకు పెట్టలేదు?"

సన్నాసమ్మ తాడు మీంచి తలెత్తింది. "పేరెడితే నీ కూతురు పాడలేదు గదమ్మా."

ధవళమ్మ కళ్ల వెంట నీళ్లు బొటబొటా కారాయి. ఆ మధ్యాహ్నం తొట్టి దగ్గర అందరూ వరసలో నిలబడితే ఆమె వెళ్లి సన్నాసమ్మ పిల్లల వెనక, చిట్టచివర నిలబడింది. తన వంతు వచ్చేసరికి అడుగున చేరెడు బురద ఉంది. తాగింది. ఇసుక పళ్ల కింద కరకరలాడింది. గాడిద పాటలో ఆఖరి మాట అబద్ధం కాదని నాలుకకి తెలిసింది. మర్నాటి నుంచి సింహాద్రి తాత వరస తీసేశాడు. దాహం ఎక్కువున్న వాళ్లు ముందు తాగాలన్నాడు. పనికి పోయొచ్చిన అప్పలస్వామి ముందుకి రావడానికి మొహమాటపడితే, చుక్కి వెనక నుంచి తలతో నెట్టింది.

పంచాయితీ జరిగిన రోజు సాయంత్రమే ధవళమ్మ బండి కొట్టానికి వెళ్లింది. జంబయ్య కళ్లంలో వదిలేసి పోయిన ఫిర్యాదు ఆకుని కాటుకమ్మ ముందు నమిలి మింగేసింది.

"పంతులమ్మా, నిన్ను సంతకి పంపబోయాను. నువ్వు నా బిడ్డకి నేను నేర్పలేనిది నేర్పావు. రేపు నా చుక్కి ఏ పొదలోనైనా చిక్కుకుంటే సన్నాసమ్మ పిల్లలు అరుస్తారు. ఆ ధైర్యం నువ్విచ్చిందే. నేను తాగే ప్రతి గుక్కకీ ముందు నిన్ను తలుచుకుంటాను."

"నాకెందుకమ్మా దండం? పాటలు కట్టినవాళ్లకి పెట్టు."

"వాళ్లకీ పెడతాను. వాళ్ల గుమ్మం చూపించింది నువ్వు కదా, ముందు నీకు" అంది ధవళమ్మ. మళ్లీ తనే, "నాకూ ఒక పాట నేర్పుతావా? సొంత చరణం మాత్రం బురద గురించి కడతాను" అంది. కాటుకమ్మ నవ్వి, చిలకపిల్ల పక్కన కొంచెం చోటు చూపించింది.

అందుకే పిల్లలూ, ఎద్దు పుండు కాకికీ నొప్పేనని తెలియజెప్పేదే చదువు.